సెలవుల్లో జడ్జి ఎంతవరకు వెళ్లొచ్చు?

ఏటా ఎండలు ముదిరేసరికి కోర్టు సెలవుల మీద చర్చ మొదలవుతుంది. కోట్ల కేసులు పేరుకుపోయిన దేశంలో న్యాయమూర్తులకు వారాల తరబడి సెలవులేమిటని ఒక పక్షం నిలదీస్తుంది. చదవాల్సిన కట్టలు, రాయాల్సిన తీర్పులు సెలవుల్లోనే పూర్తవుతాయని రెండో పక్షం బదులిస్తుంది. సెలవులు తగ్గించాలని 2003లో మలిమత్ కమిటీ, 2009లో లా కమిషన్ తన 230వ నివేదికలో చెప్పాయి. అందరూ ఒకేసారి కాకుండా వంతులవారీగా సెలవు తీసుకోవాలని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సూచించింది. సుప్రీంకోర్టు 2024 నవంబరులో నిబంధనలు సవరించి వేసవి సెలవులకు ‘పాక్షిక పనిదినాలు’ అని పేరు మార్చింది. ఆదివారాలు కాక సెలవులు 95 రోజులు మించరాదంది. ‘వెకేషన్ జడ్జి’ అన్న మాటనే తీసేసింది. ఎన్ని రోజులన్న లెక్కకు దక్కిన శ్రద్ధ ఇంతకన్నా పెద్ద చిక్కుకు దక్కలేదు. మిగతా కోర్టంతా మూతపడినప్పుడు విధుల్లో ఉండే ఒకరిద్దరు న్యాయమూర్తుల అధికారం ఎంత? ప్రభుత్వ జీవోను వాళ్లు ఆపొచ్చా? జైలు నుంచి మనిషిని విడిపించొచ్చా? విడుదల కావాల్సినవాణ్ని లోపలే ఉంచమనొచ్చా? వెకేషన్ జడ్జి పేరు మారినంత మాత్రాన ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

దీన్ని తెలుగు నేల మీదే సూటిగా ముందుకు తెచ్చిన కేసు ఒకటుంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో తెలుగుదేశం సభ దగ్గర తొక్కిసలాటలో ఎనిమిది మంది, నాలుగు రోజులకు గుంటూరులో చీరల పంపిణీ కార్యక్రమంలో ముగ్గురు చనిపోయారు. 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1861 నాటి పోలీసు చట్టాన్ని ఆధారం చేసుకుని జీవో నంబర్ 1 తెచ్చింది. జాతీయ రహదారుల నుంచి పంచాయతీ రోడ్ల దాకా సభలూ ర్యాలీలూ వద్దని, అరుదైన సందర్భాల్లో మాత్రమే అనుమతిస్తామని దాని సారాంశం. హైకోర్టుకు అప్పుడు సంక్రాంతి సెలవులు. సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె.రామకృష్ణ వేసిన పిటిషన్‌ను జస్టిస్ బట్టు దేవానంద్, జస్టిస్ వీఆర్కే కృపాసాగర్‌ల వెకేషన్ ధర్మాసనం విచారించి, ఆ జీవో పోలీసు చట్టంలోని 30వ సెక్షన్‌కు విరుద్ధంగా కనిపిస్తోందంటూ జనవరి 12న సస్పెండ్ చేసింది. అదీ జనవరి 23 దాకానే. ఇది విధాన నిర్ణయమని, సెలవుల్లో విచారించే అధికారం ఆ ధర్మాసనానికి లేదని ప్రభుత్వం వాదించింది, సుప్రీంకోర్టుకూ వెళ్లింది. జనవరి 20న జస్టిస్ డీవై చంద్రచూడ్, జస్టిస్ పి.ఎస్.నరసింహ ఆ అప్పీలులో జోక్యం చేసుకోకుండా, 23న హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనమే విషయాన్ని తేల్చాలన్నారు. అక్కడ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా, ఇలాంటి పిటిషన్‌ను సెలవుల్లో చేపట్టడంపై బహిరంగంగా అసంతృప్తి వ్యక్తం చేశారు. వెకేషన్ ధర్మాసనం తానే ప్రధాన న్యాయమూర్తి అన్నట్టు వ్యవహరించరాదన్నది ఆయన మాటల భావం. ఆ తర్వాత ఆయన, జస్టిస్ డీవీఎస్ఎస్ సోమయాజులు కలిసి మే 12న అదే జీవోను కొట్టివేశారు.

ఈ క్రమం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వెకేషన్ ధర్మాసనానికి తొలి చూపులో కనిపించిన లోపమే పూర్తి విచారణ తర్వాతా నిలిచింది. కాబట్టి వాళ్లు తొందరపడి తప్పు చేశారనడానికి వీల్లేదు. అలాగని, ఫలితం సరైనదైంది గనుక అధికారం ఉన్నట్టేనని అనడమూ సరికాదు. అధికారం లేని చోట ఇచ్చిన మంచి ఉత్తర్వు కూడా చెల్లదు. తేల్చాల్సింది వేరే. ‘విధాన నిర్ణయం’ అన్న ముద్ర పడితే చాలు, సెలవుల న్యాయమూర్తి చేతులు కట్టుకోవాలా? ఆ గీత నిలవదన్నది నా అభిప్రాయం. ఏ జీవోనైనా విధానమని ప్రభుత్వమే చెప్పుకోగలదు. అలా చెప్పుకునే వెసులుబాటు ఇస్తే కోర్టు గడపకు తాళం వేసే అధికారం ప్రతివాదికే అప్పజెప్పినట్టవుతుంది. పైగా విధానం కోర్టులు తెరిచేదాకా ఆగదు. ఫలానా తేదీన సభ జరగాలి, ఆ తేదీ సెలవుల్లోనే పడింది, అనుమతి నిరాకరించారు. జులైలో వచ్చే తీర్పు మే నెలలో ఆగిపోయిన సభను తిరిగి పెట్టించలేదు. వెకేషన్ న్యాయమూర్తి అధికారానికి గీత గీయాల్సింది కేసు దేని గురించి అన్నదాన్ని చూసి కాదు. ఆయన ఉత్తర్వు ఇస్తే జరిగేది రేపు సరిదిద్దుకోదగినదా, ఇవ్వకపోతే జరిగే నష్టం రేపు పూడ్చుకోదగినదా అన్నది చూడాలి. జీవో నంబర్ 1 మీద వచ్చిన ఉత్తర్వు ఈ కొలతకు సరిపోతుంది. దాని ఆయువు పదకొండు రోజులు. ఆ రోజుల్లో రోడ్ల మీద రద్దీని, భద్రతను చూసుకోవడానికి పోలీసులకు మామూలు అధికారాలన్నీ ఉన్నాయి. ప్రభుత్వం తిరిగి రాబట్టుకోలేనిది ఏదీ పోలేదు.

ఈ కొలత కొత్తది కాదు. మూడున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండు దీన్ని చేదు అనుభవంతో నేర్చుకుంది. అక్కడ కోర్టులు ఏడాదికి నాలుగు ‘టర్ము’లుగా నడిచేవి, టర్ము ముగిస్తే కోర్టు అధికారం చాలావరకు నిద్రపోయేది. 1676లో ఫ్రాన్సిస్ జెంక్స్ అనే లండన్ బట్టల వ్యాపారి, కొత్త పార్లమెంటును పిలవాలని గిల్డ్‌హాల్‌లో ప్రసంగించినందుకు జైలు పాలయ్యాడు. బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే హెబియస్ కార్పస్ రిట్ అడిగితే, ఇది సెలవుల కాలం, రిట్ ఇవ్వడం కుదరదని ప్రధాన న్యాయమూర్తి, ఛాన్సలర్ ఇద్దరూ తోసిపుచ్చారు. రాజు మంత్రులకు నచ్చనివాణ్ని ఎప్పుడు పట్టుకుంటే ఎక్కువ రోజులు లోపల ఉంచొచ్చో దాంతో అందరికీ అర్థమైపోయింది. ఇలాంటి ఉదంతాల ఫలితమే 1679 నాటి హెబియస్ కార్పస్ చట్టం. సెలవుల్లో ఏ న్యాయమూర్తి అయినా రిట్ ఇవ్వాలని అది శాసించింది. నిరాకరించిన న్యాయమూర్తి బాధితుడికి 500 పౌండ్లు కట్టాలంది. ఇక్కడ గమనించాల్సిన మెలిక ఒకటుంది. సెలవుల్లో రిట్ ఇవ్వకపోతే జరిమానా వేశారు గానీ, ఇచ్చినందుకు శిక్ష ఏదీ పెట్టలేదు. రెండు తప్పుల్లో ఏది పెద్దదో ఆ చట్టానికి తెలుసు. 1818లో క్రౌలీ కేసులో లార్డ్ ఎల్డన్, జెంక్స్‌కు చెప్పిన జవాబు చట్టరీత్యానే తప్పని తేల్చారు. 1870ల నాటి జ్యుడికేచర్ చట్టాలతో పాత టర్ములకే కాలం చెల్లింది. 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటు సమావేశాలను నిలిపేసినప్పుడు (ప్రొరోగ్ చేసినప్పుడు) బ్రిటన్ సుప్రీంకోర్టు సెలవుల్లోనే, సెప్టెంబరు 17 నుంచి మూడు రోజులు, పదకొండు మంది న్యాయమూర్తులతో విచారించి 24న అది చెల్లదని తీర్పిచ్చింది. అక్టోబరు దాకా ఆగి ఉంటే ఆ తీర్పుకు విలువే ఉండేది కాదు.

అమెరికా మరో దారిన అక్కడికే చేరింది. టర్ము ముగిశాక తన తీర్పును మార్చే అధికారం కోర్టుకు ఉండదన్న సూత్రాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1881లో బ్రాన్సన్ వర్సెస్ షుల్టెన్ కేసులో గట్టిగా చెప్పింది. తర్వాత కాంగ్రెస్ ఫెడరల్ కోర్టులన్నీ ఎల్లప్పుడూ తెరిచి ఉన్నట్టే భావించాలని, టర్ము గడిచిపోవడం కోర్టు అధికారాన్ని ఏ రకంగానూ తగ్గించదని చట్టం చేసింది. అయినా సెలవుల్లో ఒంటరి న్యాయమూర్తి ఎంతవరకు వెళ్లొచ్చన్నది అక్కడా రెండుసార్లు దేశాన్ని కుదిపింది. 1953 జూన్‌లో టర్ము ముగిశాక జస్టిస్ విలియం డగ్లస్, గూఢచర్యం కేసులో మరణశిక్ష పడిన రోజెన్‌బర్గ్ దంపతులకు 17న స్టే ఇచ్చారు. ప్రధాన న్యాయమూర్తి విన్సన్ మర్నాడే ప్రత్యేక టర్ము పిలిచారు. స్టే ఇచ్చే అధికారం డగ్లస్‌కు ఉందని ఒప్పుకుంటూనే 19న కోర్టు దాన్ని ఎత్తేసింది. ఆ సాయంత్రమే శిక్ష అమలైంది. 1973 ఆగస్టులో కంబోడియాపై బాంబు దాడుల కేసులో అదే డగ్లస్ ఇచ్చిన ఉత్తర్వును జస్టిస్ థర్గూడ్ మార్షల్ మిగతా న్యాయమూర్తులను ఫోనులో సంప్రదించి కొద్ది గంటల్లోనే నిలిపేశారు. న్యాయమూర్తులు ఒకచోట కూర్చుని వినకుండా ఫోను మీద తేల్చడం కోర్టు పని కాదని డగ్లస్ నిరసన రాశారు. నా దృష్టిలో ఆ నిరసన న్యాయమైనది. ఒక్క న్యాయమూర్తి ఉత్తర్వును సరిదిద్దే అధికారం పూర్తి కోర్టుకు ఉండాల్సిందే, కానీ అది విచారణ జరిపి చేయాలి. రోజెన్‌బర్గ్ కేసులో విచారణ జరిగింది. అయితే మరణశిక్షపై స్టేను ఎత్తేయడంలో ఆ కోర్టు చూపిన వేగం, సరిదిద్దలేనిదాని విషయంలో ఎంత నిదానం కావాలో ఎప్పటికీ గుర్తుచేస్తుంది.

మన దేశంలో వెకేషన్ జడ్జి అధికారానికి అత్యంత కఠిన పరీక్ష 1975 జూన్‌లో వచ్చింది. జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఇందిరా గాంధీ ఎన్నికను రద్దు చేశారు. అప్పీలుకు వీలుగా తన తీర్పును 20 రోజులు ఆపారు. సుప్రీంకోర్టు సెలవుల్లో ఉంది. బెంచి మీద జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఒక్కరే. ప్రధాని తరఫున పాల్కీవాలా పూర్తి స్టే అడిగారు. ఆమె ఎన్నికను సవాలు చేసిన రాజ్ నారాయణ్ తరఫున శాంతిభూషణ్ ఏ స్టే వద్దన్నారు. జూన్ 24న కృష్ణయ్యర్ రెండింటికీ మధ్య దారి పట్టారు. ఆమె ప్రధానిగా కొనసాగొచ్చు, లోక్‌సభకు వెళ్లొచ్చు, కానీ సభ్యురాలిగా ఓటు వేయరాదు, జీతం తీసుకోరాదు. అప్పీలు తేలేదాకా ఎవరికీ పూడ్చలేని నష్టం కలగకుండా వస్తువును ఉన్నచోట ఉంచే ఉత్తర్వు అది. దేశ పాలనకు సంబంధించినది గనుక సెలవుల్లో ముట్టుకోరాదని ఆయన తప్పుకోలేదు. ఒంటరి న్యాయమూర్తిని గనుక ఏదైనా తేల్చేస్తానని హద్దు దాటలేదు. మర్నాటి రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. అందుకు ఆ ఉత్తర్వును నిందించిన వాళ్లున్నారు. అధికారం పోతుందేమోనన్న భయంతో ఒక ప్రభుత్వం చేసిన పనికి ఆ న్యాయమూర్తిని బాధ్యుణ్ని చేయడం అన్యాయం.

సెలవుల క్యాలెండర్ కోర్టుల చేతిలో ఉంటుంది. కానీ దాన్ని వాడుకునేది ఎక్కువగా పాలనా యంత్రాంగమే. శుక్రవారం సాయంత్రం నోటీసు, ఆదివారం పొద్దున్నే జేసీబీ అన్నది దేశమంతా చూస్తున్న దృశ్యం. హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కూల్చివేతల సందర్భంగా 2024 సెప్టెంబరు 30న తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె.లక్ష్మణ్, సెలవు రోజుల్లో కూల్చడమేమిటని కమిషనర్‌నే నిలదీశారు. అమీన్‌పూర్‌లో కూల్చివేత ఆదివారం జరిగింది మరి. అదే ఏడాది నవంబరు 13న జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ కె.వి.విశ్వనాథన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం, 15 రోజుల ముందు నోటీసు లేకుండా కూల్చరాదని, కూల్చివేత ఉత్తర్వు వచ్చాక మరో 15 రోజులు ఆగాలని మార్గదర్శకాలిచ్చింది. పౌరుడికి కోర్టు గడప తొక్కే వ్యవధి దొరకాలన్నదే అందులోని ఉద్దేశం. మన హైకోర్టుల్లో సెలవు రోజున న్యాయమూర్తి ఇంటి దగ్గరే వినే ‘హౌస్ మోషన్’ పద్ధతి ఉంది. వెకేషన్ నోటిఫికేషన్లలోనూ హెబియస్ కార్పస్, బెయిలు, ముందస్తు బెయిలు, ఆగలేని ఇతర విషయాలు చేపడతామని సాధారణంగా రాస్తారు. ఆ చివరి మాట దగ్గరే గొడవంతా. ఏది ఆగలేనిదో తేల్చే కొలత ఎక్కడా రాసి లేదు. రాసి లేనప్పుడు ఇల్లు కూలేవాడికి తలుపు తెరుచుకోవడం ఆ వారం డ్యూటీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

పని వేళల బయట కోర్టు కూర్చోవడం ఎప్పుడూ స్వేచ్ఛ వైపే మొగ్గుతుందనుకుంటే పొరపాటు. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబాను 2022 అక్టోబరు 14న బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం నిర్దోషిగా విడిచిపెట్టింది. ప్రభుత్వం స్టే అడిగితే ఆ రోజు సుప్రీంకోర్టులో దొరకలేదు; అయినా మర్నాడు శనివారం ప్రత్యేకంగా కూర్చున్న ధర్మాసనం హైకోర్టు తీర్పును నిలిపేసింది. చక్రాల కుర్చీకే పరిమితమైన ఆయన మళ్లీ లోపలే ఉండిపోయారు. 2024 మార్చి 5న అదే హైకోర్టు రెండోసారి నిర్దోషి అంది. ఆ ఏడాది అక్టోబరు 12న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. మధ్యలో జైల్లో గడిచిన పదహారు నెలలకు పైగా కాలాన్ని ఏ ధర్మాసనం తిరిగి ఇవ్వగలదు? విడుదలైనవాడు పారిపోతే ఆ నష్టమూ పూడ్చలేనిదే కదా అని ప్రభుత్వ న్యాయవాదులు అడగొచ్చు. పూచీకత్తు, పాస్‌పోర్టు స్వాధీనం, స్టేషన్‌లో హాజరు వంటి షరతులతో ఆ ముప్పును తగ్గించొచ్చు. పోగొట్టిన స్వేచ్ఛను తిరిగిచ్చే షరతు ఏదీ లేదు. దీనికి ఎదురుగా 2023 జులై 1 ఉంది. గుజరాత్ హైకోర్టు హక్కుల కార్యకర్త తీస్తా సెతల్వాద్‌కు బెయిలు నిరాకరించి వెంటనే లొంగిపొమ్మన్న రోజు అది. వేసవి సెలవులు ఇంకా ముగియలేదు. ఆ సాయంత్రం జస్టిస్ ఎ.ఎస్.ఓకా, అప్పటికి సుప్రీంకోర్టుకు వచ్చిన జస్టిస్ ప్రశాంత్ కుమార్ మిశ్రా కూర్చుని భిన్నాభిప్రాయానికి వచ్చారు. రాత్రికి ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని వారం రోజుల రక్షణ ఇచ్చారు. ఏమీ తేల్చలేదు, ఒక వారం ఆపారు. సెలవుల అధికారం ఇలా వాడాలి. రెండు సందర్భాల్లోనూ శనివారం కోర్టు కూర్చోవడానికి అధికారం ఉంది. తేడా, ఆ అధికారంతో పూడ్చలేని నష్టాన్ని ఆపారా, కలిగించారా అన్నదే.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం రోస్టర్ నుంచి వస్తుంది. ఏ కేసు ఎవరు వినాలో నిర్ణయించేది ప్రధాన న్యాయమూర్తేనని, ఆయన అప్పగించని కేసు వినే అధికారం మరో న్యాయమూర్తికి లేదని సుప్రీంకోర్టు ప్రకాశ్ చంద్ కేసులో తేల్చింది. 2018లో శాంతిభూషణ్ పిటిషన్‌లోనూ అదే చెప్పింది. ఈ సూత్రం అవసరమైనదే. లేకపోతే అనుకూలమైన న్యాయమూర్తి డ్యూటీలో ఉండే వారం కోసం కాచుకుని పిటిషన్ వేసే లాయర్లకు అడ్డుకట్ట ఉండదు. సెలవులు ఆ వేటకు అనువైన కాలం. జస్టిస్ మిశ్రా ఆగ్రహంలో ఈ భయం కూడా ఉండి ఉంటే అది తోసిపుచ్చదగినది కాదు. అయితే వెకేషన్ ధర్మాసనాన్ని వేసేది కూడా ప్రధాన న్యాయమూర్తే. ఆ రోజుల్లో వచ్చే అత్యవసర పనిని ఆ నోటిఫికేషన్‌తోనే అప్పగిస్తున్నారు. ఏది అత్యవసరమో తేల్చడం ఆ అప్పగింతలో భాగం. ఆ నిర్ణయం తప్పనిపిస్తే దాన్ని న్యాయ ప్రక్రియలో సరిదిద్దాలి. 226వ అధికరణ హైకోర్టుకు ఇచ్చిన అధికారాన్ని ఒక పరిపాలనా సర్క్యులర్ నెలన్నర పాటు ఎవరి చేతికీ అందకుండా చేయలేదు. లాయర్ల వేటకు మందు కూడా అధికారాన్ని కోసేయడం కాదు, ఉత్తర్వు ఆయువును కోసేయడం. కోర్టులు తెరిచిన మొదటి వారంలోనే తీరిపోయే ఉత్తర్వు కోసం, ఆపై మామూలు ధర్మాసనం ముందుకు తప్పకుండా వెళ్లే కేసులో, ఎంత వెతుక్కున్నా దక్కేది తక్కువ.

ఇంకో అభ్యంతరం తుది నిర్ణయాల గురించి. 2024 జూన్ 20న ఢిల్లీ వెకేషన్ జడ్జి అరవింద్ కేజ్రీవాల్‌కు బెయిలిచ్చారు. హైకోర్టు వెకేషన్ న్యాయమూర్తి మర్నాడే దాన్ని ఆపి, తర్వాత స్టేను ఖాయం చేశారు. ఆ తర్వాత, వెకేషన్ కోర్టులు తుది ఉత్తర్వులు ఇవ్వరాదని జిల్లా స్థాయిలో అంతర్గత ఆదేశాలు వెళ్లాయని ఆరోపిస్తూ 150 మందికి పైగా న్యాయవాదులు భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. ఆ కేసు బాగోగులు పక్కన పెడదాం. సివిల్ తగాదాలో వెకేషన్ జడ్జి తుది తీర్పు ఇవ్వకూడదన్నది సబబే. రికార్డంతా ఉండదు, రెండో పక్షం లాయరు ఊళ్లో ఉండడు. బెయిలుకు ఆ సూత్రం అతకదు. బెయిలు స్వభావరీత్యా తాత్కాలికం, షరతు తప్పితే రద్దవుతుంది. దాన్ని ‘తుది’ అని లెక్కగట్టి నోటీసు మాత్రమే ఇచ్చి జులైకి వాయిదా వేస్తే, నేరం రుజువు కాకుండానే ఒక సెలవుల కాలమంతా శిక్ష వేసినట్టవుతుంది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న 22వ అధికరణ పండగకూ ఆదివారానికీ మినహాయింపు ఇవ్వలేదు. రిమాండుకు పంపే అధికారానికి సెలవు లేనప్పుడు విడిపించే అధికారానికి ఎందుకుండాలి?

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. వెకేషన్ నిబంధనల్లో ఏ కేసునైనా విధానమన్న పేరుతో మినహాయించే ధోరణి పోవాలి. సెలవులు ముగిసేలోగా పూడ్చలేని నష్టం జరుగుతుందా అన్న ఒక్క కొలత రాతలోకి రావాలి. ప్రభుత్వ ఉత్తర్వులను ఆపే ప్రతి సెలవుల ఉత్తర్వుకూ కారణాలు ఉండాలి, గడువు తేదీ ఉండాలి, వీలైనంతవరకు దాన్ని ఇద్దరు న్యాయమూర్తులు ఇవ్వాలి. దాన్ని ఎత్తేయమని ప్రభుత్వం మొదట ఆ ధర్మాసనాన్నే అడగాలి. 48 గంటల్లో విచారణ దొరకాలి. విడుదలను ఆపమనే పిటిషన్‌కు మాత్రం సెలవుల్లో ప్రత్యేక సిట్టింగ్ ఇవ్వాలంటే, ఎవరు అడిగారు, ఎందుకు ఆగకూడదనుకున్నారు అన్నది ఉత్తర్వులోనే నమోదు కావాలి. అత్యవసరం కాదని పిటిషన్‌ను పక్కన పెట్టినా ఆ మాటా రాతలో ఉండాలి. మౌఖికంగా తిప్పి పంపితే పై కోర్టు దగ్గర చూపించడానికి పిటిషనర్ చేతిలో కాగితం కూడా మిగలదు. అమరావతిలోను, హైదరాబాద్‌లోను ఉన్న మన రెండు హైకోర్టులు ఈ పని సుప్రీంకోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టాలి. జీవో నంబర్ 1 వివాదం నడిచింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే గనుక తొలి అడుగు అక్కడ పడితే బాగుంటుంది. దీనికి శాసనసభ చట్టం చేయనక్కర్లేదు, కేంద్రం అనుమతీ అక్కర్లేదు. కోర్టు నిబంధనలు రూపొందించుకుని, న్యాయమూర్తులు ఒంటరిగాను, ధర్మాసనాలుగాను ఎలా కూర్చోవాలో నియంత్రించుకునే అధికారం రాజ్యాంగం 225వ అధికరణలో హైకోర్టులకు ఇప్పటికే ఉంది.